నీళ్ళ కుండలో ఊదారాయి

రిటైరయ్యాక అప్పుడప్పుడూ కాలేజీలవాళ్ళు జియాలజీ పిల్లలతో మాట్లాడమని నన్ను పిలుస్తుంటారు. పెగ్మటైట్ అనగానే పిల్లలు ముందుకు జరిగి కూర్చుంటారు. మనిషంత పొడవు స్ఫటికం చూశారా మేడం, పచ్చలాంటి బెరిల్ దొరికిందా మేడం, సెల్‌ఫోన్లలో వాడే టాంటలం మన ప్రకాశం జిల్లాలోనూ ఉందట కదా మేడం అని అడుగుతారు. చూశాను, దొరికింది, ఉంది. కానీ ఇన్నేళ్ళు గుట్టలెంట తిరిగిన నాకు పెగ్మటైట్ అంటే ముందు గుర్తొచ్చేది అవేవీ కావు. కనిగిరి నుంచి వెలిగండ్ల పోయే దారికి ఎడంగా ఉన్న ఒక చిన్న ఊరు, ఆ ఊళ్ళో ఒక నీళ్ళ కుండ. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లూ చెప్పను. వంకరపోయిన కాళ్ళకు ఫోటోలు తీసుకుపోయేవాళ్ళు ఆ ఊరికి ఇప్పటికే చాలామంది వచ్చి వెళ్ళారు.

రాయి సంగతి కొంచెం చెప్పాలి. పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పను, ఈ సంగతికి కావలసినంతే. రెండు భూఖండాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే మధ్యలో నేల ముడతలు పడి కొండల వరుస లేస్తుంది. పైకి లేచినదానికన్నా ఎక్కువ లోతుకు దాని అడుగు దిగుతుంది. ఆ లోతులో వేడికి కరిగిన రాయి మెల్లగా చల్లారి గ్రానైట్ అవుతుంది. అట్లా గడ్డకట్టేటప్పుడు మామూలు ఖనిజాలు తమకు కావలసిన మూలకాలను తీసేసుకుంటాయి. పెళ్ళి భోజనాల్లో పంక్తులన్నీ నిండిపోతే చోటు దొరకనివాళ్ళంతా వెనకాల గుంపుగా మిగిలిపోతారు చూడండి, అట్లా ఎక్కడా ఇమడని లిథియం, బెరిలియం, టాంటలం లాంటివన్నీ చివరికి మిగిలిన ద్రవంలో చేరతాయి. వాటితో పాటు బోలెడంత నీరు, ఫ్లోరిన్. ఆ ద్రవం పగుళ్ళలోకి దూరి తీగల్లా గడ్డకడితే పెగ్మటైట్. నీరూ ఫ్లోరినూ దాన్ని పలుచన చేసి, తొందరగా గడ్డకట్టనివ్వవు. అందుకే దానిలో స్ఫటికాలు అంతంత పెద్దవిగా పెరుగుతాయి. అంచుల్లో ఫెల్డ్‌స్పార్, అభ్రకం, నడిమధ్యన తెల్లటి పలుగురాయి, దాని పక్కన అక్కడక్కడా బొర్రలు, అంటే బోలు గుంతలు. చూడచక్కని రాళ్ళన్నీ ఆ బొర్రల్లోనే ఉంటాయి. పాత కొండలు అరిగి అరిగి, వాటి అడుగుభాగం ఇప్పుడు మన కాళ్ళ కిందికి వచ్చింది. కనిగిరి చుట్టూ మనం నడిచేది దాని మీదే.

ఆ ఏడు వానలు లేవు. మా సర్కారు ఖనిజ సర్వే క్యాంపు కనిగిరిలో ఒక అద్దె ఇంట్లో ఉండేది. గ్రానైట్ అంచుల వెంబడి పెగ్మటైట్ తీగలను వెతికి పటంలో గీయడం, టాంటలం ఉందేమో తేల్చడానికి నమూనాలు కొట్టి పంపడం మా పని. క్యాంపు ఆఫీసరు కోస్తా మనిషి. రాయిని చేతిలోకి తీసుకుంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పగలడు, మనుషులతో మాత్రం ముక్తసరి. "మనం రాళ్ళ డాక్టర్లమమ్మా. మనుషుల డాక్టర్లు వేరే ఉన్నారు" అన్నది ఆయన ఊతపదం. నాకేమో కోపం ముక్కుమీదే ఉండేది. మాది గిద్దలూరు వైపు, అక్కడి నోటిదురుసు చదువుతో పోలేదు. మా ఇద్దరి మధ్య నలిగిన మనిషి జీపు డ్రైవరు. మార్కాపురం ఆయన, అందరం భాయ్ అనేవాళ్ళం. రోజూ పొద్దున కనిగిరిలో క్యాన్ల నిండా మంచినీళ్ళు పట్టుకుంటే గానీ ఆయన జీపు కదిలించేవాడు కాదు. పల్లెల్లో చేతిపంపులకు ఎర్రరంగు పూసి ఉండేది. ఎర్రరంగంటే ఆ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ, తాగొద్దని. ఆ వైపు ఈ సంగతి తెలియని ఊరు లేదు.

ఒకరోజు ఒక తీగను పట్టుకుని గుట్ట దిగుతూ ఈ ఊరి పొలాల్లోకి వచ్చాం. తెల్లటి పలుగురాళ్ళు, వాటి చుట్టూ కాకిబంగారం. అభ్రకాన్ని అక్కడ అట్లాగే అంటారు. పొలాల్లోకి వచ్చేసరికి తీగ మట్టి కిందికి పోయి మాయమైంది. వాలు చూస్తే ఊరి బావి వైపు పోతున్నట్టు ఉంది. ఆఫీసరు గుట్ట మీద నమూనాలు కొట్టిస్తున్నాడు. నాకు గొంతు ఎండిపోతోంది. జీపు దగ్గరికి పోతే క్యాన్లు ఖాళీ. దారిలో రేడియేటరు పొగలు కక్కితే భాయ్ నీళ్ళన్నీ దానికే పోశాడట.

"ఏం చేద్దును మేడం, మనకంటే ముందు ఇంజనుకు దప్పికైనాది" అన్నాడు.

పక్కనే ఉన్న ఇంటి వసారాలో నుంచి ఒకామె పిలిచింది. చిన్న వయసు, కడుపుతో ఉంది. ఇద్దరు పిల్లలు ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డారు.

"ఎండలో అట్ల నిలబడినావేందక్కా? రా, ఈడ నీడుండాది. నీళ్ళు తాగుదువు."

"బోరు నీళ్ళా?" అన్నాను మొహమాటం లేకుండా.

"బోరు నీళ్ళు మేమూ తాగం. ఇవి మా బాయి నీళ్ళు. మా మామ లోతు తీసిన బాయి. ఈ కరువులో గూడా ఎండలేదు తెలుసా?"

నీళ్ళు చల్లగా, తియ్యగా ఉన్నాయి. ఇంకో గ్లాసు అడిగాను. కుండలో నీళ్ళు అడుగంటినట్టున్నాయి, ఆమె వంచింది. లోపల రాయి దొర్లిన చప్పుడైంది. ఆమె చెయ్యి పెట్టి, ఆ రాయి జారిపోకుండా పట్టుకుని మిగిలిన నీళ్ళు గ్లాసులో పోసింది. అదేంటని అడిగితే బయటికి తీసి చూపించింది.

నిమ్మకాయంత రాయి. ఊదారంగు, లోపల ఒక పక్క ఆకుపచ్చ చార. ఎనిమిది ముఖాలతో ఎవరో చెక్కినట్టు ఉంది. ఫ్లోరైట్, కాల్షియంతో ఫ్లోరిన్ కలిసి కట్టిన రాయి. పుస్తకాల్లో బొమ్మల్లో తప్ప అంత నిండైన స్ఫటికాన్ని నేను అంతవరకు చూడలేదు. ఆ క్షణంలో నాకు కలిగింది పట్టరాని సంతోషం. ఫ్లోరైట్ ఉందంటే తీగ నడిబొడ్డు దొరికినట్టే, మేము వెతుకుతున్నది కూడా ఆ దగ్గర్లోనే ఉండొచ్చు.

"ఇది నాకిస్తావా?" అన్నాను.

ఆమె నవ్వింది. "గంగమ్మనెట్ల ఇస్తారక్కా ఎవరన్నా? బాయిలో పుట్టినాది ఈ తల్లి. ఊర్లో ప్రతి ఇంట్లో కుండలో ఉండాది. ఈమె ఉంటే నీళ్ళకు కొదవ రాదు."

అప్పుడు ఆమె మామ వచ్చాడు. నడుము దగ్గర మనిషి రెండుగా మడిచినట్టు వంగిపోయి ఉన్నాడు. ముఖం నేలకేసి ఉంది. చేతికర్ర మీద ఆనుకుని నా ఎదురుగా ఆగి, నా కాళ్ళు చూశాడు.

"బూట్లేసుకున్న ఆడమనిషిని ఇదే చూడటం. ఎవరు తల్లీ నువ్వు?"

మనుషుల్ని వాళ్ళ పాదాలు చూసే ఆయన గుర్తుపట్టేవాడు. తల ఎత్తలేడు. పెద్దనాయనా, రాళ్ళు చూసే ఉద్యోగం నాది అని చెప్పి ఆ ఊదారాయి ఎక్కడిదని అడిగాను. ఆయనకు అది చెప్పడమంటే ఎంత ఇష్టమో గొంతులోనే తెలిసింది.

"మా పెద్దోళ్ళు తవ్విన బాయి. మీద మీద తవ్వి వదిలేసినారు. చానా ఏండ్ల నాడు కరువొచ్చి ఎండిపోతే ఊరు ఖాళీ అయ్యే కాలమొచ్చినాది. నేను దిగినా. ఇంకా నలుగురు దిగినారు. పైన మెత్త, కింద గట్టి తెల్లరాయి. సమ్మెట దెబ్బకు నిప్పులు లేచినాయి తల్లీ. ఇంగ లాభం లేదని అందరూ ఎక్కిపోయినారు. నేను ఒక దెబ్బ ఎయ్యి, ఒక దెబ్బ ఎయ్యి అని కొడతానే ఉండా. గడ్డపార లోపలికి దిగిపోయినాది. బొర్ర. చెయ్యి పెడితే చేతికి ఈ రాళ్ళు. ఎనకనే నీళ్ళు ఎగజిమ్మినాయి. ఆ రాళ్ళన్నీ గంపకెత్తుకోని, పసుపు పూసి, ఇంటికొకటి నా చేత్తో నేనే కుండల్లో ఏసినా. ఆ పొద్దు నుంచి ఒక్క పొద్దు గూడా ఎండలా."

"మరి నడుము?"

"బాయిలో వంగి పనిచేసినాను గదా. వంగింది మల్ల లేవలా. పోనీలే, ఊరు నిలబడినాది."

నా సంతోషం అక్కడ ఆగిపోయింది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ఆడమనిషి మమ్మల్ని చూడటానికి మెడ తిప్పలేక మనిషంతా పక్కకు తిరిగింది. ఆమె ఏ బావిలోనూ దిగి ఉండదు. కొంగు పట్టుకున్న పిల్లల్లో పెద్దవాడు నన్ను చూసి నవ్వాడు. పళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు. అంతకుముందే చూశాను ఆ పళ్ళు. ఎర్రరంగు పంపుల నీళ్ళ వల్లనే అనుకుని వదిలేశాను.

"ఈ బాయి నీళ్ళు ఎవరన్నా పరీక్ష చేసినారా?" అన్నాను.

"చేసినారు గదా. సర్కారోళ్ళే చేసి, ఈ నీళ్ళు మంచివి, ఇవే తాగండి అని చెప్పి పోయినారు."

"ఎప్పుడు? నువ్వు లోతు తీయకముందా, తీసినాకనా?"

"తీయకముందే. వానలు బాగా పడిన ఏడు."

అర్థమైంది కదా. పరీక్ష చేసింది పైన మెత్తమట్టిలో నిలిచిన వాననీళ్ళను. ఊరు తాగుతున్నది కింద పెగ్మటైట్ పొట్టలోని నీళ్ళను. ఆ రాతిలో స్ఫటికాలను అంత అందంగా పెంచిన ఫ్లోరినే నీళ్ళలోకి దిగి, పిల్లల పళ్ళు మచ్చలు చేసి, పెద్దవాళ్ళ వెన్నెముకలను బిగదీస్తోంది. దానికి రుచి లేదు, వాసన లేదు. ఊరివాళ్ళు చేసిందల్లా మంచిదన్న మాట నమ్మడమే. చాలదన్నట్టు అదే రాయిని మళ్ళీ ప్రతి ఇంట్లో తాగేనీళ్ళ కుండలో వేసుకున్నారు.

నీళ్ళు పరీక్ష కాకుండా నోరు జారకూడదని నాకు తెలుసు. ఒక సీసాలో బావినీళ్ళు పట్టుకుని వచ్చి క్యాంపులో ఆఫీసరుకు చెప్పాను. ఆయన రాయి గురించి రెండు ప్రశ్నలు అడిగాడు, నీళ్ళ గురించి అడగలేదు.

"అది మన శాఖ పని కాదు. చూసేవాళ్ళు వేరే ఉన్నారు."

"వాళ్ళు చూసి మంచివని చెప్పిపోయారు సార్. మళ్ళీ ఎప్పుడు వస్తారు? ఆ అమ్మాయి కడుపుతో ఉంది."

"సరే, ఆ నీళ్ళు తాగొద్దని చెప్తావు. ఏం తాగమంటావు?"

కోపంతో లేచి వచ్చేశాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయన మాట కటువుగా ఉన్నా అందులో న్యాయం ఉంది. బదులు నీళ్ళు చూపించకుండా బావి చెడ్డదని చెప్పడం, అన్నం పెట్టకుండా విస్తరి లాగేయడమే.

సీసాను భాయ్ ఒంగోలు తీసుకుపోయాడు. తువ్వాలులో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో పోయాడు. తిరిగి వచ్చి నా దగ్గరికి కాదు, ఆఫీసరు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"సార్, ఆడ పరీక్ష చేసినాయన నన్ను కూచోబెట్టి అడిగినాడు, ఈ నీళ్ళు మనుషులెవరన్నా తాగుతన్నారా అని. తాగుతన్నారంటే, నిజమేనా అని మల్ల అడిగినాడు. ఎర్ర పంపుల్లో గూడా ఇంత ఉండదంట సార్."

ఆఫీసరు మర్నాడు నన్ను పిలిచి పటం పరిచాడు. గ్రానైట్ ఎక్కడ ఆగుతుందో, పడమట వెలిగొండల నుంచి దిగే వాగు ఎక్కడ పారుతుందో వేలితో చూపించాడు. కొండల వైపు రాయి వేరే. మార్కాపురం పలకలు తెలుసు కదా, ఆ జాతి పలకరాయి, గట్టి ఇసుకరాయి. వాగు ఇసుక అంతా అక్కడి నుంచి వచ్చిందే. ఇసుకలో చెలమ తీస్తే నీళ్ళు మంచివై ఉండాలి. ఇద్దరం పోయి చెలమ తీయించాం. ఆ నీళ్ళూ ఒంగోలు పోయాయి. బాగున్నాయని కబురొచ్చింది. ఊరికి మాత్రం దూరం. కడవ నెత్తిన పెట్టుకుని పోయిరావడమంటే సగం పొద్దు దానికే సరి.

"చెప్పేది నువ్వు చెప్పు. నాకు నోరు రాదు" అన్నాడు ఆయన.

చెప్పిన రోజు నాకు బాగా గుర్తుంది. బావి దగ్గర ఊరంతా చేరారు. నేను నిలబడి, ఈ నీళ్ళు తాగొద్దు, కుండల్లో రాళ్ళు తీసేయండి అన్నాను. తీగ గురించి, ఫ్లోరిన్ గురించి నాకు చేతనైనంత సులువుగా చెప్పాను. అందరూ విన్నారు. ఆ తర్వాత వెనకనుంచి ఒకాయన అడిగాడు.

"నువ్వేం పని మీద వచ్చినావమ్మా మా ఊరికి?"

"రాళ్ళు వెతకడానికి" అన్నాను. వేరే ఏం చెప్పను?

"అదీ సంగతి. విలువైన రాళ్ళ కోసం తిరిగేటోళ్ళు. బాయి వదిలేయండంటారు. రాళ్ళు ఇచ్చేయండంటారు. రేపు మేం వదిలేస్తే మిషన్లు పెట్టి తవ్వుకుంటారు. మాకు తెలవదా?"

గుంపులో గొణుగుడు లేచింది. వసారాలో నన్ను పిలిచి నీళ్ళిచ్చిన ఆ కోడలు నా వైపు చూసింది. ఆ రాయి నాకిస్తావా అని నేను అడిగిన మాట ఆమెకు గుర్తొచ్చిందని చూపులోనే తెలిసింది. ఇన్నేళ్ళ చదువు, ఉద్యోగం, జీపు మీద రాసిన సర్కారు అక్షరాలు, అన్నీ కలిసి ఆ రోజు నా మాటను చెల్లని కాసు చేశాయి. నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియదు. వాళ్ళ అనుమానంలో తప్పు లేదు మరి.

పెద్దాయన మాత్రం నేలకేసి చూస్తూ నిలబడి, చివరికి "ఇంటికి రా తల్లీ" అన్నాడు.

ఇంట్లో వసారా మీద కూర్చున్నాం. భాయ్, ఆఫీసరు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను ఆ పెద్దాయనకు ఏం చెప్పాలో తెలియక, ఉన్నదే చెప్పాను. నీ నడుము బాయి తవ్వి వంగలేదు, బాయి నీళ్ళు తాగి వంగింది అన్నాను. అంత కటువుగా చెప్పాలని కాదు. మెత్తగా చెప్పే మాట నాకు దొరకలేదు.

"నిజమని నేనెట్ల నమ్మేది?" అన్నాడు. గొంతులో కోపం లేదు.

"ఈ రాళ్ళలో నీళ్ళలో వేయనిది ఏదన్నా ఉందా పెద్దనాయనా?"

కోడలు లోపలికి పోయి దేవుడి గూట్లో నుంచి ఒకటి తెచ్చింది. పసుపు, కుంకుమ పూసి ఉంది. కుండలోది కూడా తీసింది. రెండూ ఒకే బొర్రలో పుట్టినవి, ఒకే రోజు బయటికి వచ్చినవి. రెంటినీ ఆయన రెండు చేతుల్లో పెట్టాను. ఆయన బొటనవేలితో తడిమాడు. గూట్లోది అంచులు పదునుగా ఉన్నాయి, వేలు తెగుతుందేమో అనిపిస్తుంది. కుండలోదాని మూలలు మొద్దుబారి, ముఖాలు మసకబారి, సబ్బుబిళ్ళలా నున్నగా అయింది. చాలాసేపు రెండూ తడుముతూనే ఉన్నాడు.

"ఇది అరిగింది."

"అవును."

"ఎక్కడికి పోయింది?"

పక్కన నిలబడిన కోడలు చెయ్యి తన కడుపు మీదికి పోయింది.

"కడుపులో బిడ్డకు గూడా పోతాదా అక్కా?" అంది.

"పోతుంది" అన్నాను. "పుట్టినాక కూడా, పళ్ళు గట్టిపడే వయసు దాకా ఈ నీళ్ళే తాగితే ఆ పళ్ళూ ఇట్లాగే వస్తాయి. ఎముకలూ అంతే. ఇప్పుడు మానేస్తే రావు. కుండలో రాయి చేసింది కొంచెమే. బాయి అడుగంతా ఇదే రాయి."

పెద్దాయన కూర్చున్నచోటి నుంచి లేవడానికి భాయ్ చెయ్యి ఇచ్చాడు. లేచాక ఆయన అడిగింది ఒక్కటే, గంప. "నేనే ఏసినా గదా కుండల్లో. వేరేవోళ్ళు తియ్యగూడదు. గంగమ్మను తెచ్చినోడే తీసుకపోవాల."

ఇల్లిల్లూ తిరిగాడు. తలెత్తి చూడలేని మనిషి గడపల్ని చూసి ఇళ్ళు గుర్తుపట్టాడు. ప్రతి గడప ముందూ ఆగి అదే మాట అన్నాడు: "అమ్మా, నేనిచ్చిన తల్లిని నాకియ్యి. తప్పు తల్లిది గాదు, నాది గాదు. తెలీలా." కొందరు వెంటనే ఇచ్చారు. ఒకామె ఏడ్చింది. మమ్మల్ని నిలదీసిన ఆయన ఇంటి ముందు మాత్రం చాలాసేపు నిలబడాల్సి వచ్చింది. పెద్దాయన అక్కడినుంచి కదల్లేదు. ఎండ ఎక్కుతోంది. చివరికి ఆ ఇంటాయన లోపలికి పోయి రాయి తెచ్చి, గంపలో వేయకుండా పెద్దాయన అరచేతిలో పెట్టి దణ్ణం పెట్టాడు. గంప మోసింది భాయ్. మా ఆఫీసరు వెనకాలే వచ్చాడు, టోపీ తీసి చేతిలో పట్టుకుని. ఆయన ఎండలో టోపీ తీయడం నేను అప్పుడే చూశాను.

గంప నిండాక పెద్దాయన, గంగమ్మను పారే నీళ్ళలో కలపాలి, వాగులో వదిలేద్దాం అన్నాడు. నేను అడ్డుపడక తప్పలేదు. ఇకమీదట తాగేది ఆ వాగు నీళ్ళే కదా. అంత బరువైన పూట కూడా భాయ్‌కి నవ్వొచ్చింది. "తాతా, ఈడ తీసి ఆడ ఏస్తే ఎట్ల?" అన్నాడు. పెద్దాయన కూడా నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వింది అప్పుడే.

చివరికి ఊరి బయట గుట్ట మొదట్లో, ఊరందరి ముందూ గుంట తీయించి రాళ్ళన్నీ అందులో పెట్టి, పసుపు చల్లి, మన్ను కప్పించాడు. ఒక్క రాయి కూడా మా జీపు ఎక్కలేదని ఊరికి తెలియాలని అట్లా చేశాడని నాకు తర్వాత తట్టింది. మట్టి కప్పే ముందు ఆ గంపను చూశాను. ఏ మ్యూజియంలోనూ లేనంత మంచి ఫ్లోరైట్ అది. రాయి చూస్తే ఆశపడే అలవాటు నాలో అప్పటికీ చావలేదు. కానీ చెయ్యి చాపాలనిపించలేదు.

మర్నాటి నుంచి ఆడవాళ్ళు వాగుకు పోసాగారు. అందరూ కాదు, మొదట కొందరే. ఆ కోడలు మాత్రం నిండు కడుపుతో కూడా మానలేదని విన్నాను. బావి నీళ్ళు పశువులకు కూడా వద్దని చెప్పి, పైర్లకు మాత్రమే వాడుకోమన్నాం. పెద్దాయన మాత్రం పొద్దున్నే బావి దగ్గరికి పోయి ఒక దోసెడు తాగి వచ్చేవాడట. నాకు తెలిసి పోట్లాడాను.

"నన్నింకేం వంచుతాది తల్లీ? ఊరంతా ఒక్కసారి మొగం తిప్పుకుంటే బాయి ఏమనుకుంటాది?" అన్నాడు.

 

ఆ తీగలో టాంటలం ఉంది కానీ పనికొచ్చేంత లేదు. మా ఆఫీసరు పంపిన నివేదికలో రాళ్ళ సంగతులన్నీ అయ్యాక బావినీళ్ళ గురించి, వాగు గురించి ఒక పేజీ రాశాడు. ఆయనను అది ఎవరూ రాయమనలేదు. సీజన్ అయిపోయింది, మేము క్యాంపు ఎత్తేసి వేరే జిల్లాకు పోయాం. ఆ తర్వాత నేను చాలా కొండలు తిరిగాను, ఇంకా మంచి పెగ్మటైట్లు చూశాను. వాటిలో చాలావాటి గురించి నాకిప్పుడు గుర్తున్నది తక్కువ.

కొన్నేళ్ళ తర్వాత ఒకరోజు నాకు ఫోన్ వచ్చింది. భాయ్ దగ్గర నెంబరు తీసుకుని ఆ కోడలు చేసింది. అప్పుడు కడుపులో ఉన్నది ఆడపిల్లట. పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు వచ్చాయని చెప్పడానికే చేశానంది.

"ఎట్ల వచ్చినాయి?" అన్నాను.

"తెల్లగ వచ్చినాయక్కా. ఒక్క మచ్చ లేదు."

మీ మామ చూసినాడా అని అడిగాను.

"చూసినాడక్కా. ఆయన తలెత్తలేడు గదా, ఇప్పుడు ఇంకా వంగిపోయినాడు. పిల్లే నేల మీద ఎల్లకిలా పండుకోని, ఆయన మొగం కిందికి జరిగి, నోరు తెరిచినాది. ఆయనకు చూపు గూడా సరిగా ఆనడం లేదు. కర్ర పక్కన పెట్టి కూచోని, వేలితో ఒక్కో పన్నూ తడిమినాడు. మల్ల మల్ల తడిమినాడు. పిల్లకు దవడ నొప్పి పుట్టినా నోరు ముయ్యలేదక్కా, తాత చాలనేదాకా అట్లనే పండుకోనుండాది."